52 నిమిషాల పొగమంచు

మధురవాడ నుంచి ఒక పాఠకుడు:

అన్నా, ఏడేళ్ళ నుంచి అట్మాస్ఫెరిక్ బ్లాక్ మెటల్ వింటున్నాను. యూరప్‌లో ఒక్కడే అన్ని వాయిద్యాలూ వాయించుకుని చేసే ప్రాజెక్ట్ ఒకటుంది, పేరు విడిగా చీటీ మీద రాసి పెట్టాను. వాడి మొదటి ఆల్బమ్ అంటే నాకు ప్రాణం. రెండోది వస్తోందనగానే ఎల్పీ రికార్డుకి ముందే డబ్బు కట్టేశాను. పోస్టేజీ, కస్టమ్స్ కలిపి ఆరువేలు దాటింది, ఇంట్లో రెండువేలని చెప్పాను. వచ్చింది, విన్నాను, ఏమీ అనిపించలేదు. మళ్ళీ విన్నాను, మళ్ళీ అంతే. నాలుగు పాటలు, 52 నిమిషాలు. కవర్ మీద అడవి ఉంది, మంచు ఉంది, ఒంటరి చెట్టు కూడా ఉంది. వాయించడం బాగుంది, సౌండ్ బాగుంది. తప్పు పట్టడానికి ఏమీ దొరకడం లేదు, అదే బాధ. రివ్యూలన్నీ ఆహా ఓహో అంటున్నాయి. లోపం ఆల్బమ్‌లోనా, నాలోనా? వయసు 31, రెండు నెలల పాప ఉంది, నిద్ర తక్కువ.

జవాబు: తమ్ముడూ, నిద్ర సంగతి చివర్లో రాశావు గానీ మొదటి వాక్యంలో రాయాల్సింది. రెండు నెలల పాప ఉన్న ఇంట్లో ఎవరైనా 52 నిమిషాలు కదలకుండా కూర్చుంటే వచ్చేది కునుకే. అందుకని ముందు నిన్నే అనుమానించి, నువ్వు చెప్పిన ఆల్బమ్ నేనూ విన్నాను. మూడుసార్లు. ఒకసారి రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒకసారి భీమిలి బస్సులో కిటికీ పక్కన, ఇంకోసారి వాన వెలిసిన సాయంత్రం బీచ్ రోడ్డు మీద, సముద్రం బూడిదరంగులో ఉండి అటు డాల్ఫిన్స్ నోస్ కొండ సగం మబ్బులో దాక్కున్నప్పుడు. ఇంతకంటే మంచి దృశ్యం ఆ ఆల్బమ్ చేసినవాడికి వాళ్ళ ఊళ్ళో కూడా దొరకదేమో. అప్పుడు కూడా నా ధ్యాస మురీ మిక్చర్ బండి మీదకే పోయింది. కాబట్టి లోపం నీలో లేదు, ఉంటే ఇద్దరిలోనూ ఉంది.

ఆల్బమ్ పేరు ఇక్కడ వేయడం లేదు, కావాలనే. ఒక్క మనిషి తన గదిలో కూర్చుని చేసుకున్న పని, వాడి మీద నాకు పగేమీ లేదు. పైగా నేను చెప్పబోయేది ఈమధ్య వస్తున్న ఇలాంటి ఆల్బమ్‌లు చాలావాటికి అక్షరం మార్చకుండా సరిపోతుంది.

ఈ గొడవంతా ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బ్లాక్ మెటల్ అనే పేరు ఇంగ్లండ్ బృందం వెనమ్ 1982లో వేసిన ఆల్బమ్ పేరు నుంచి వచ్చింది. దానికి ఇప్పుడు మనకు తెలిసిన రూపం తెచ్చింది మాత్రం 90ల మొదట్లో నార్వే కుర్రాళ్ళు. గిటార్ తీగను పిక్‌తో కిందికీ పైకీ ఆపకుండా గీకుతారు, డ్రమ్ము దడదడమని కుండపోతగా పడుతుంది, గొంతు చించుకుని అరుస్తారు. అట్మాస్ఫెరిక్ అన్న ముక్క తగిలిస్తే దానికి కీబోర్డులు, పది పన్నెండు నిమిషాల పాటలు, అడవులు, కొండలు, శీతాకాలం తోడవుతాయి. పాట పాడుకోవడానికి కాదు, అందులోకి వెళ్ళి కాసేపు ఉండి రావడానికి.

ఇప్పుడు అసలు విషయం. ఈ సంగీతంలో ఒక చిత్రం ఉంది. డ్రమ్ము నిమిషానికి వందల దెబ్బలతో పరిగెడుతుంటుంది, గిటార్ చెయ్యి కనిపించనంత వేగంగా ఆడుతుంటుంది, కానీ కింద స్వరం మారడం మాత్రం చాలా నెమ్మది. ఒక్కో మార్పుకి నాలుగు సెకన్లు, ఎనిమిది సెకన్లు. కాసేపటికి చెవి ఆ వేగాన్ని లెక్కచెయ్యడం మానేస్తుంది, అది వాన చప్పుడైపోతుంది, నెమ్మదిగా కదిలేదే వినిపిస్తుంది. మూడు నిమిషాల్లో అది జరగాలి. జరిగితే పన్నెండు నిమిషాలు ఇట్టే అయిపోతాయి. జరగలేదా, నువ్వు గడియారం చూస్తావు. నేను చూశాను.

నార్వే బృందం డార్క్‌త్రోన్ 1994లో చేసిన ట్రాన్సిల్వేనియన్ హంగర్ ఆల్బమ్ తీసుకో. వాయిద్యాలన్నీ వాళ్ళలో ఫెన్రిజ్ ఒక్కడే వాయించాడు, అదీ ఇంట్లో పెట్టుకున్న నాలుగు ట్రాకుల రికార్డర్ మీద. మొదటి పాట మొత్తం డ్రమ్ము ఒకే వరస, మధ్యలో అలంకారం లేదు, మలుపు లేదు. రిఫ్‌లు, అంటే గిటార్ మీద తిరిగి తిరిగి వచ్చే చిన్న ముక్కలు, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాగితం మీద చూస్తే నీ ఆల్బమ్‌లో ఉన్న సరుకులో నాలుగో వంతు లేదు. కానీ ఆ రిఫ్‌లో ఒక రాగం ఉంది, రెండుసార్లు వింటే వంటింట్లో కూనిరాగం తీసేంత రాగం. అది తిరిగి తిరిగి వస్తుంటే దాని మొదలెక్కడో చివరెక్కడో పోల్చుకోలేం. మళ్ళీ వస్తోందని విసుగు రాదు, ఇంకోసారి రావాలనిపిస్తుంది.

మనకి దీన్ని ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. తంబురా ఉందిగా. నాలుగు తీగలు, అవే స్వరాలు, కచేరీ మొత్తం అదే. ఎవరికైనా విసుగొచ్చిందా? ఎందుకు రాదంటే తీగకీ బ్రిడ్జికీ మధ్య ఒక చిన్న నూలుపోగు పెడతారు, దాన్ని జీవా అంటారు. ఆ పోగు సరైన చోట కూర్చుంటే ఒకే తీగలోంచి పై స్వరాలన్నీ పొరలు పొరలుగా విచ్చుకుంటాయి, ప్రతి మీటుకీ ఇంచుక తేడాగా. పోగు తీసేస్తే ఉత్త టంగుమంటుంది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెలు వచ్చాయి. శ్రుతి తప్పవు, అలసిపోవు, ఏ తప్పూ చెయ్యవు, పక్కన పెట్టుకుని సాధన చేసుకోవడానికి భేషుగ్గా పనికొస్తాయి. కానీ టికెట్ కొనుక్కుని శ్రుతి పెట్టె కచేరీకి ఎవడూ వెళ్ళడు. నువ్వు ఆరువేలు పెట్టి కొన్నది శ్రుతి పెట్టె, తమ్ముడూ.

ఎక్కడెక్కడ అంటావా, గడియారం చూశానన్నాను కదా, నిమిషాలతో సహా చెప్తాను. మొదటి పాట 13 నిమిషాలు. రెండు నిమిషాలు గాలి, వాన, కాకి. ఆ తర్వాత మామూలు గిటార్ మీద నాలుగు స్వరాలు. మూడో నిమిషంలో డ్రమ్ము విరుచుకుపడుతుంది, అవే నాలుగు స్వరాలు కరెంట్ గిటార్ మీద. ఏడో నిమిషంలో అంతా ఆగి మళ్ళీ మామూలు గిటార్, వాన. తొమ్మిదిలో మళ్ళీ డ్రమ్ము, ఈసారి పైన కీబోర్డు. చివర గాలి. సరే, బాగానే ఉంది. రెండో పాటా అంతే. మూడోదానికి వచ్చేసరికి ఏడో నిమిషం దగ్గర నేను చెయ్యెత్తి ఆర్కెస్ట్రా మాస్టర్‌లాగా ఆపాను, వాడు ఆగాడు. బస్సులో పక్క సీటాయన నన్ను అదోలా చూశాడు.

ఆ నెమ్మదైన ముక్కలు ఎందుకున్నాయో వాడికే తెలియదనిపించింది. అమెరికా పోర్ట్‌లాండ్ బృందం అగలోక్ 2002లో ది మాంటిల్ అని ఒకటి చేసింది, నువ్వు వినే ఉంటావు. అందులో మామూలు గిటార్ వచ్చిన చోటల్లా అది దానంతట అది ఒక పాట, దాని కోసమే వెనక్కి తిప్పి వినేంత. నీ ఆల్బమ్‌లో అవి రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూమ్. బండి వచ్చేదాకా కూర్చోవాలి, అంతే.

ఇంకోటి, సౌండ్ బాగుందన్నావు. నిజమే, మరీ బాగుంది. కానీ నార్వేలో ఒక్క మనిషే నడిపే బర్జమ్ చేసిన ఫిలొసొఫెమ్ ఆల్బమ్ సంగతి గుర్తుతెచ్చుకో. 1993లో రికార్డ్ చేసి 1996లో బయటికి వదిలారు. స్టూడియోలో ఉన్నవాటిలో అన్నిటికంటే పనికిమాలిన మైక్ ఇమ్మని అడిగి మరీ ఒక హెడ్‌సెట్ మైక్‌లో గొంతు రికార్డ్ చేశాడు, గిటార్‌ను ఆంప్లిఫయర్‌లో కాకుండా ఇంటి స్టీరియోలోంచి వినిపించాడు. అందుకే ఆ గిటార్ పాత రేడియోలో తేనెటీగలు ముసిరినట్టు ఉంటుంది. అందులోనే 25 నిమిషాల కీబోర్డు ముక్క ఒకటుంది, వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని స్వరాలు, దాని దుంప తెగ, అది కూడా నిలబడుతుంది. ఆ మనిషి గురించి కింద ఇంకో జవాబులో రాస్తున్నాను, మెచ్చుకోవడానికి కాదు. చెప్పొచ్చేదేమిటంటే ఆ ముతకదనం వాడు ఎంచుకున్నది, పాటతో పాటు పుట్టినది. నీ ఆల్బమ్‌లో అన్నీ శుభ్రంగా కంప్యూటర్‌లో చేసి, ఆ తర్వాత పైనుంచి ముతకదనం చల్లారు, హోటల్లో ప్లేటు మీద కొత్తిమీర చల్లినట్టు. డ్రమ్ము దెబ్బలన్నీ ఒకే బరువు. మెల్లగా ఉండాల్సిన చోటూ గట్టిగా ఉండాల్సిన చోటూ దాదాపు ఒకే ఎత్తు. అన్నిటి మీదా రివర్బ్, అదే ప్రతిధ్వని, ఎంత పోశారంటే ఎవడో కల్యాణమండపంలో వాయిస్తుంటే బయట చెప్పుల దగ్గర నిలబడి విన్నట్టుంది.

మరి మొదటి ఆల్బమ్ ఎందుకు నచ్చింది? అదీ విన్నాను, ఇది విన్న మర్నాడే. అందులో రెండో పాటలో డ్రమ్ము ఒకచోట జారుతుంది, వాడు వదిలేశాడు. అరుపు ఒకచోట ఏడుపులోకి తిరుగుతుంది. రిఫ్ ఒకటి అనవసరంగా సాగదీశాడు, దాన్నెలా ముగించాలో తెలియక. అంటే లోపల ఒక మనిషి ఏదో వెతుక్కుంటున్నాడు. రెండోదానికి వచ్చేసరికి ఏది పనిచేసిందో వాడికి తెలిసిపోయింది. తన ముగ్గు మీద తనే మళ్ళీ గీతలు దిద్దుకుంటున్నాడు. వంకర పోలేదు, కానీ కొత్త చుక్క కూడా పెట్టలేదు.

రివ్యూల సంగతంటావా, రాసేవాళ్ళకి కుప్పలుగా వచ్చిపడతాయి, ఒకసారి వింటారు, తప్పు దొరకదు, పదికి ఎనిమిది పడేస్తారు. నేనూ అలా వేసినవి ఉన్నాయి, ఇప్పుడు చూసుకుంటే సిగ్గేస్తుంది.

ఆరువేలు వృథా కాలేదు అని అబద్ధం చెప్పను. కానీ నాలుగో పాట తొమ్మిదో నిమిషం నుంచి చివరిదాకా ఇంకోసారి విను. డ్రమ్ము ఆగిపోయి ఒక్క గిటార్ మిగులుతుంది, కీబోర్డు లేదు, వాన లేదు, స్వరం ఒకటి ఊహించని చోటికి దిగుతుంది. నాలుగు నిమిషాలు. ఆల్బమ్ అక్కడ మొదలయ్యుంటే ఈ ఉత్తరం నువ్వు రాసేవాడివి కాదు. ఆ ముక్క పాపను నిద్రపుచ్చడానికి కూడా పనికొస్తుంది. ఇక ఇంట్లో రెండువేలని చెప్పిన సంగతి, మా పత్రిక మీ ఇంటికి వస్తుందా లేదా చూసుకో, నేను మాత్రం ఊరి పేరు తీసెయ్యలేను.


సీతమ్మధార నుంచి ఒక తల్లి:

బాబూ, మా వాడు ఇంజనీరింగ్ రెండో ఏడు. ఈమధ్య ఇవే పాటలు పెట్టుకుంటున్నాడు, నల్ల చొక్కాలు తప్ప వేసుకోవడం లేదు. చర్చిలు తగలబెట్టిన వాళ్ళ పాటలట, హత్యలు కూడా చేశారట, వాళ్ళ పిన్ని కొడుకు చెప్పాడు. నాకు టెన్షన్‌గా ఉంది. వద్దని చెప్పమంటారా?

జవాబు: అమ్మా, పిన్ని కొడుకు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. 1992 జూన్‌లో నార్వేలోని బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ అనే 12వ శతాబ్దపు చెక్క చర్చి తగలబడింది, ఆ తర్వాత మరికొన్ని. 1993 ఆగస్టులో మేహెమ్ బృందం గిటారిస్ట్ యూరోనిమస్‌ను, పైన చెప్పానే బర్జమ్ అని, ఆ బర్జమ్ నడిపే వర్గ్ వికెర్నెస్ పొడిచి చంపాడు. హత్యకీ చర్చిల దహనానికీ కలిపి 1994లో 21 ఏళ్ళ శిక్ష పడింది, 2009లో బయటికొచ్చాడు. బయటికొచ్చాక కూడా జాతి ద్వేషం మాటలు మానలేదు. ఆ ఆల్బమ్ గొప్పదని రాసిన చేత్తోనే ఇదీ రాస్తున్నాను, దాచడం నాకు చేతకాదు. వాడి రికార్డులు నేను డబ్బు పెట్టి కొనను, అది నా లెక్క, ఒక్కొక్కరిది ఒక్కో లెక్క.

కానీ అది ఓ పిడికెడు మంది కుర్రాళ్ళ కథ, 30 ఏళ్ళు దాటిన కథ. అదే ఊపులో వచ్చిన ఎంపరర్ బృందంలో పాడే ఇసాన్ తన ఊళ్ళో పిల్లలకు సంగీతం పాఠాలు చెప్పిన మనిషి. ఇవాళ అట్మాస్ఫెరిక్ చేసేవాళ్ళు రాసేది చాలావరకు చెట్ల గురించి, కొండల గురించి, పోయినవాళ్ళ గురించి. నల్ల చొక్కా సంగతి వదిలెయ్యండి, ఉతికేటప్పుడు మాత్రం వేరే వెయ్యండి, రంగు దిగుతుంది.

ఒక్కటి చూడండి. కొన్ని బృందాలు అడవి, పూర్వీకులు, నేల అంటూ మొదలుపెట్టి మెల్లగా ఫలానా జాతివాళ్ళు ఎక్కువ, ఫలానావాళ్ళు తక్కువ అనే చోటికి తీసుకెళ్తాయి. మీ వాడు వినే బృందం అలాంటిదా అని వాడినే అడగండి. ఈ సంగీతం వినేవాళ్ళలో చాలామందికి ఎవరు ఏ బాపతో తెలుసు, వాడికీ తెలిసే ఉంటుంది. అడిగినప్పుడు గుమ్మంలో నిలబడి అడగొద్దు. పక్కన కూర్చుని, నీకు బాగా నచ్చింది ఒకటి పెట్టరా అనండి. మొదటి నిమిషం భరించండి. వాడు మీకోసం అన్నిటికంటే మెత్తనిది వెతికి పెడతాడు, చూడండి కావాలంటే.


అక్కయ్యపాలెం నుంచి:

ఆ గొంతు ఎలా వస్తుంది? నేను పది నిమిషాలు ప్రయత్నించాను, రెండు రోజులు మాట రాలేదు.

జవాబు: రెండు రోజులు మాట రాలేదంటే మీరు గొంతుతో అరిచారు. తెలిసినవాళ్ళు మామూలు స్వరతంత్రుల మీద భారం వెయ్యకుండా వాటికి పైన ఉండే మడతలను కదిలిస్తారు, ఊపిరి మాత్రం పొట్టలోంచి తెస్తారు. బయటికి వినిపించినంత గట్టిగా లోపల ఉండదు, మిగతా పని మైక్ చేస్తుంది. నొప్పి పుట్టిందంటే తప్పు చేస్తున్నట్టే, ఆపెయ్యాలి. వారం దాటినా బొంగురు తగ్గకపోతే ఇఎన్‌టీ డాక్టర్ దగ్గరకి వెళ్ళండి, కారణం అడిగితే సిగ్గుపడకుండా చెప్పండి.


మహారాణిపేట నుంచి ఒక రిటైర్డ్ మేష్టారు:

అయ్యా, మాటలు ఒక్కటీ అర్థం కాని పాట పాట ఎలా అవుతుంది?

జవాబు: మేష్టారూ, పెళ్ళిలో సన్నాయి వింటూ మాటలేవని ఎవరూ అడగలేదు కదండీ. ఇక్కడ గొంతు కూడా ఒక సన్నాయే, కాస్త కోపంగా ఉన్న సన్నాయి. మాటలు ఆల్బమ్ లోపల కాగితం మీద ఉంటాయి. కొన్ని బాగుంటాయి కూడా. ఉక్రెయిన్ బృందం డ్రుద్ఖ్ అయితే వాళ్ళ జాతీయకవి తరాస్ షెవ్‌చెంకో పద్యాలనే తీసుకుని పాడింది, అంటే అరిచింది.


కూర్మన్నపాలెం నుంచి:

అన్నా, నేనూ ఒక్కడినే ఇంట్లో అట్మాస్ఫెరిక్ బ్లాక్ మెటల్ రికార్డ్ చేస్తున్నాను. గిటార్ ఉంది, ల్యాప్‌టాప్ ఉంది, డ్రమ్ము ప్రోగ్రామ్ చేస్తాను. మూడు పాటలు అయ్యాయి. అన్నీ మంచు, చలి రాత్రులు, పైన్ చెట్ల గురించే. మా ఫ్రెండ్ విని, ఒరే గుంటా, నువ్వెప్పుడు చూశావురా మంచు అన్నాడు. నిజమే, నేను చూసిన మంచు ఫ్రిజ్‌లోదే. మనకి ఈ సంగీతం నప్పదంటావా?

జవాబు: నీ ఫ్రెండ్‌కి నా తరఫున ఒక టీ ఇప్పించు. పై మధురవాడ తమ్ముడి ఉత్తరమూ నీదీ ఒకే రోజు వచ్చాయి. అతను కొన్న ఆల్బమ్‌కి వచ్చిన జబ్బే నీ పాటలకీ పట్టబోతోంది, ఇంకా మూడు పాటలే అయ్యాయి కాబట్టి తొందరగా దొరికింది.

నార్వే వాళ్ళు మంచు గురించి రాసింది అది అట్మాస్ఫెరిక్ అని కాదు, కిటికీ తెరిస్తే అదే ఉంది కనుక. పానోప్టికాన్ అనే ప్రాజెక్ట్ ఉంది, అదీ ఒక్క మనిషే, ఆస్టిన్ లన్. 2012లో కెంటకీ అనే ఆల్బమ్ చేశాడు. తనున్న రాష్ట్రంలో బొగ్గు గని కార్మికులు, వాళ్ళ సమ్మెలు, తవ్వి పారేసిన కొండలు, మధ్యలో బాంజో, ఆ ప్రాంతపు జానపద పాటలు. దాన్ని బ్లాక్ మెటల్ కాదని ఎవరన్నా అన్నారా? సింగపూర్‌లో రుద్ర అని బృందం ఉంది, 1992 నుంచీ ఉంది, సంస్కృత శ్లోకాలతో చేస్తారు. అక్కడ మంచు పడుతుందా?

నువ్వు రాత్రి డాబా ఎక్కితే ఏం కనిపిస్తుంది? స్టీల్ ప్లాంటు వైపు ఎర్రబడ్డ ఆకాశం. ఆ ప్లాంటు కోసం 1966లో ఊళ్ళకి ఊళ్ళు లేచాయి, కాల్పుల్లో మనుషులు పోయారు. తర్వాత దాని కోసమే ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళు నిర్వాసితుల కాలనీల్లో ఇప్పటికీ ఉన్నారు, మీ వీధిలోనే ఉండొచ్చు. పాత ఊరి పేరు చెప్పేటప్పుడు వాళ్ళ గొంతు ఎలా మారుతుందో ఒకసారి విను. పది నిమిషాల పాటకి అది చాలదా? పైన్ చెట్టు దేనికి?

నీ వయసు రాయలేదు గానీ 2014 అక్టోబరు 12 నీకు గుర్తుండాలి. హుద్‌హుద్. గంటకు 180 కిలోమీటర్ల పైచిలుకు గాలి. మా ఇంట్లో తలుపుకి బీరువా అడ్డం పెట్టి, దానికి మేం నలుగురం వీపులు ఆనించి కూర్చున్నాం. అప్పుడు విన్న చప్పుడు ఇంతవరకు ఏ ఆల్బమ్‌లోనూ నాకు దొరకలేదు. విజిల్‌లాగా మొదలై, మెల్లగా కిందికి దిగి, పొట్టలో వినిపించేది. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. తుఫాను కన్ను ఊరి మీద నుంచి పోతున్నప్పుడు అలా ఆగుతుంది. బయట ఎవరో నవ్వడం కూడా వినిపించింది. మళ్ళీ మొదలైనప్పుడు గాలి రెండో వైపు నుంచి వచ్చింది. ఏడో నిమిషంలో నెమ్మది ముక్క ఎందుకు పెట్టాలో నీకిప్పుడు కారణం దొరికింది, చూశావా. మర్నాడు కైలాసగిరి చూస్తే ఆకన్నది లేదు, కొండంతా గోధుమరంగు. రోజుల తరబడి కరెంటు లేదు, రాత్రి ఊరంతా చీకటి, సముద్రం మాత్రం వినిపించేది.

చలే కావాలంటే అదీ ఉంది. లంబసింగికి వెళ్ళు, డిసెంబరులో. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి మనిషి కొర్రలాగా, అంటే కర్రలాగా బిగుసుకుపోతాడని. బ్లాక్ మెటల్ పాటకి ఇంతకంటే మంచి పేరు నార్వే వాళ్ళు పెట్టలేదు. ఉచితంగా ఇస్తున్నాను, తీసుకో.

ఒక్క జాగ్రత్త. ఇది చదివి ఊపులో తప్పెటగుళ్ళు ఒక నిమిషం రికార్డ్ చేసి పాట ముందు అతికించకు. అది కవర్ మీద ఒంటరి చెట్టు లాంటిదే, మన చెట్టు, అంతే తేడా. కావాలంటే గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని వాళ్ళు చిందేసేటప్పుడు దరువు ఎలా ఎక్కుతుందో దగ్గరుండి చూడు. నెమ్మదిగా మొదలవుతుంది, ఎక్కడ వేగం పెరిగిందో తెలియదు, చూసేలోపు మనుషులు గాల్లో ఉంటారు. ఆ పెరగడాన్ని నీ డ్రమ్ములో పెట్టు. ప్రోగ్రామ్ చేసినదైనా సరే, దెబ్బదెబ్బకీ బరువు మార్చు, అన్నీ గీత మీదే కూర్చోబెట్టకు. జముకు విన్నావా? తీగ లాగి వాయించే ఆ బుర్రుమనే శబ్దం, జముకుల కథల్లో. దాన్ని నేరుగా వాడకుండా గిటార్ కింద బేస్ అలా వినిపించేలా చేయగలిగితే నాకు తప్పకుండా పంపు, మా ఆఫీసు అడ్రస్ పత్రిక చివరి పేజీలో ఉంది. రివర్బ్ తగ్గించి పంపు.

అయిన ఆ మూడు పాటలు చెరిపెయ్యకు. మంచు మాటలు తీసేసి రిఫ్‌లు మాత్రం ఉంచి చూడు. ఒక్క రిఫ్ అయినా పళ్ళు తోముకుంటుండగా దానంతటది గుర్తొస్తే అది పనికొస్తుంది. రాకపోతే వదిలెయ్.


ఎంవీపీ కాలనీ నుంచి:

వైజాగ్‌లో ఈ సంగీతం వినడానికి మంచి చోటు?

జవాబు: తొట్లకొండ, జూలైలో, మబ్బు పట్టిన రోజు. రాతిలో తొలిచిన పాత బౌద్ధుల నీటి తొట్లు ఉంటాయి, వాటి మీదుగా చూస్తే కింద సముద్రం. గొడుగు తీసుకెళ్ళండి. స్పీకర్ వద్దు, హెడ్‌ఫోన్స్, ఒక చెవికే పెట్టుకోండి, రెండో చెవికి అక్కడి గాలి సరిపోతుంది.